పురానాపూల్: బండ్లు ఆగిన వంతెనకు మరమ్మతు ఆగకూడదు

వరంగల్ కోటలో స్వయంభూ దేవాలయపు కీర్తితోరణాలు నిలిచిన చోటి నుంచి ఖుష్‌మహల్ వరకు నడిచి వెళ్లడానికి ఎంతో సేపు పట్టదు. ఆ కొద్ది దూరంలోనే రాయిని నిలబెట్టే రెండు వేర్వేరు పద్ధతులు మనకు కనిపిస్తాయి. తోరణంలో నిలువు స్తంభాలున్నాయి, వాటి తలల మీద అడ్డంగా పరచిన దూలాలున్నాయి. ఎంత ఎత్తున్నా, ఎంత నగిషీ ఉన్నా, దాని లోపలి లెక్క మన ఊరి ఇంటి గుమ్మానికి ఉన్న లెక్కే. ఖుష్‌మహల్‌ది వేరే దారి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతికి చిక్కిన తర్వాతి కాలానిదిగా చెప్పే ఆ కట్టడంలో పైకప్పు బరువు ఎత్తైన కమాన్ల గుండా ఇరువైపులకూ చీలి, లోపలికి ఒరిగిన మందపాటి గోడల్లోకి దిగుతుంది. కప్పు కొంత పోయినా కమాన్లు నిలిచే ఉన్నాయి.

ఈ రెండింటినీ శ్రద్ధగా చూసినవారికి హైదరాబాద్‌లో మూసీ మీద ఉన్న పురానాపూల్ ఎలా నిలిచిందో సగం అర్థమైనట్లే. నేను హనుమకొండలో ఉంటాను, సివిల్ ఇంజినీరింగ్ చదువుకున్నాను, పాత రాతి కట్టడాల మరమ్మతు మీద నాకు గట్టి ఆసక్తి ఉంది. పురానాపూల్ మీద ఇప్పుడు వాహనాలు తిరగవు. పక్కనే కట్టిన కొత్త వంతెన మీదుగా అవి వెళ్లిపోతాయి, పాత వంతెన పాదచారులకూ కూరగాయలమ్మేవారికీ మిగిలింది. వాహనాలు ఆగాయి గనుక వంతెనకు ఇక ప్రమాదం లేదన్న మాట చాలామంది నోట, చదువుకున్నవారి నోట కూడా, విన్నాను. ఆ మాటతో నేను ఏకీభవించను. రాతి వంతెనకు వాహనాల వల్ల కలిగే హాని ఒకటైతే, వాహనాలు పోయాక దాన్ని పట్టించుకునేవారు లేకపోవడం వల్ల కలిగే హాని మరొకటి, రెండోది మొదటిదానికంటే నిదానంగా జరుగుతుంది గనుక ఎవరి కంటా పడదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు రాయి స్వభావం చూద్దాం. మన ప్రాంతపు నల్లరాయిని పైనుంచి నొక్కితే అది భరించే బరువు అపారం, అదే రాయిని రెండు చివరలా పట్టి లాగితే అందులో పదో వంతు కూడా భరించలేదు. ఒక రాతి దూలాన్ని రెండు స్తంభాల మీద పెట్టినప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగదీతకు గురవుతుంది. దూలం పొడవు పెరిగే కొద్దీ ఆ కింది భాగంలోని లాగుడు మరింత వేగంగా పెరుగుతుంది, చివరికి కింది అంచున పగులు పుట్టి దూలం విరుగుతుంది. అందుకే దూలాల పద్ధతిలో కట్టిన ఆలయ మండపాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి. వేయిస్తంభాల గుడిలో అన్ని స్తంభాలు ఉండడానికి సౌందర్య దృష్టి ఎంత కారణమో రాయి పరిమితి కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

దూలాల పద్ధతిలో నది మీద దారి వేయలేమని అనుకోనక్కరలేదు. హంపిలో విఠ్ఠలాలయానికి దగ్గరగా తుంగభద్రలో నిలిచిన రాతి స్తంభాల వరుస, విజయనగర కాలంలో అలాంటి ప్రయత్నం జరిగిందనడానికి సాక్ష్యం. శ్రీరంగపట్నం దగ్గర కావేరి మీద దివాన్ పూర్ణయ్య 1804 నాటికి పూర్తి చేయించిన వంతెన కూడా రాతి స్తంభాలు, రాతి దూలాలతో కట్టినదే. అయితే ఆ పద్ధతిలో స్తంభాలను నదిలో చాలా దగ్గరగా నాటవలసి వస్తుంది. వరదలో కొట్టుకొచ్చే చెట్టూ చేమా వాటికి అడ్డం పడతాయి, ఎగువన నీరు ఎత్తుకుంటుంది, వంతెన మీద పడే తోపు పెరుగుతుంది. స్తంభాల మధ్య దూరం పెంచి, నీటికి దారి ఎక్కువ వదిలి, అదే సమయంలో రాయిలో లాగుడు పుట్టకుండా చూడాలంటే కమాను తప్ప మార్గం లేదు.

కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఏ రాయీ మరొకదాన్ని లాగదు. ఈ మాటను బాగా అర్థం చేసుకోవడానికి మన ప్రాంతంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు మీద వేలాడే వంతెనకు ఆధారమైన ఉక్కు తాళ్లు రెండు చివరల మధ్య కిందికి వంగి ఒక వంపు తీసుకుంటాయి, వాటిలో ఉన్నదంతా లాగుడే. ఆ వంపును అలాగే తలకిందులు చేసి, తాడుకు బదులు రాళ్లు పేర్చామనుకుంటే, లాగుడున్న ప్రతిచోటా నొక్కుడు వస్తుంది. వేలాడే గొలుసును తిరగేస్తే నిలిచే కమాను ఆకారం వస్తుందని ఇంగ్లండ్‌కు చెందిన రాబర్ట్ హుక్ 1675లో ప్రకటించాడు. పురానాపూల్ కట్టిన మేస్త్రీలు అంతకు దాదాపు వందేళ్ల ముందే ఆ సంగతిని లెక్కల్లో రాయకుండా చేతుల్లో నేర్చుకుని ఉన్నారు. చెక్కతో సెంట్రింగ్ నిలబెట్టి, దాని మీద రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నెత్తిన నడిమి రాయి బిగించి, సున్నం గట్టిపడ్డాక సెంట్రింగ్ తీసేసిన తర్వాత రాళ్లు తమ బరువుతో తామే బిగుసుకుని నిలవడం అనే ఆ పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

పురానాపూల్‌ను 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించాడు. తెలుగు కవులను ఆదరించి, వారి చేత మల్కిభరాముడని పిలిపించుకున్న పాలకుడు ఆయనే. హుస్సేన్‌సాగర్ కూడా ఆయన కాలంలోనే తవ్వారు. వంతెనకు 22 కమాన్లున్నాయి. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు సుమారు 35 అడుగులు. గోల్కొండ, కార్వాన్‌ల వైపు నుంచి నది దాటి దక్షిణ ఒడ్డుకు చేరడానికి అది దారి అయింది. ఇక్కడ కాలక్రమాన్ని గమనించాలి. చార్మినార్, దాని చుట్టూ హైదరాబాద్ నగరం 1591లో మొదలయ్యాయి, వంతెన అంతకు 13 ఏళ్లు పెద్దది. నగరం ఉంది గనుక వంతెన కట్టలేదు, వంతెన ఉంది గనుక అవతలి ఒడ్డున నగరం పెరగడం సాధ్యమైంది.

భాగమతిని చూడడానికి యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రం దుమికించాడని, కొడుకు ప్రాణం మీద తీపితో తండ్రి ఈ వంతెన కట్టించాడని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, వంతెన పూర్తయ్యే నాటికి మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేళ్లు మించవు. కథను కథగా చెప్పుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. కానీ గోల్కొండ కోట ఇరుకైపోవడం, కార్వాన్‌లో వజ్రాల వ్యాపారం పెరగడం, తూర్పున మచిలీపట్నం రేవు దాకా సాగే సరుకుల రాకపోకలు వానాకాలంలో నది దగ్గర ఆగిపోవడం వంటి అసలు కారణాలను ఆ కథ మరుగున పడేస్తుంది. వేల రాళ్లను చెక్కించి, మోయించి, నదిలో పునాదులు వేయించిన ఒక పాలనా నిర్ణయాన్ని ప్రేమకథగా కుదించడం ఆ పని చేసినవారికి న్యాయం కాదు.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఈ వంతెనను చూసి, అందంలో ఇది పారిస్‌లోని పాంట్‌నెఫ్ కంటే తక్కువది కాదన్న అర్థంలో రాసుకున్నాడు. ఆయనకు తెలిసి పోల్చాడో లేదో గానీ, ఆ రెండు వంతెనల మధ్య ఒక విచిత్రమైన సంబంధం ఉంది. పురానాపూల్ పూర్తయిన 1578లోనే పారిస్ వంతెనకు శంకుస్థాపన జరిగింది, అది 1607లో పూర్తయింది. పాంట్‌నెఫ్ మీద నేటికీ వాహనాలు తిరుగుతున్నాయి. దానికి రాయి గొప్పదనం కారణం కాదు, ఎప్పటికప్పుడు జరిగే మరమ్మతు కారణం. ఒకే ఏడాదితో ముడిపడిన రెండు కట్టడాల నేటి స్థితిలో తేడా ఎక్కడుందో ఆలోచించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పురానాపూల్‌కు గతంలో మరమ్మతులు జరగలేదని కాదు. 1820లో నిజాం సికందర్‌జా కాలంలో వరద దెబ్బ తర్వాత దాన్ని బాగుచేశారు. అసలు పరీక్ష 1908 సెప్టెంబర్ 28న వచ్చింది. ఆ రోజు మూసీ వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని చెబుతారు. నది మీద ఉన్న అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, వాటన్నింటికంటే వయసులో ఎంతో పెద్దదైన పురానాపూల్ మాత్రం దెబ్బతిన్నా నిలిచి, నగరపు రెండు భాగాలకూ మధ్య దారిగా మిగిలింది. ఆ మరుసటి ఏడాది, వరదలను అదుపు చేసే మార్గం చూడడానికి, ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పురానాపూల్ మీద వరద ఒత్తిడి తగ్గడానికి ఆ రెండు జలాశయాలు ఎంతో తోడ్పడ్డాయి, ఈ సంగతి వంతెన గురించి మాట్లాడేవారు సాధారణంగా ప్రస్తావించరు.

ఇంత వరదను తట్టుకున్న వంతెనకు లారీలు, బస్సుల వల్ల ఏం నష్టమని అడిగేవారుంటారు. ప్రశ్న సరైనదే, దానికి లెక్కతోనే సమాధానం చెప్పాలి. కమాను లోపల బరువు ఒక ఊహారేఖ వెంట కిందికి ప్రవహిస్తుందనుకోండి. ఆ రేఖ రాతి మందం లోపలే ఉన్నంతవరకు అన్ని రాళ్లూ ఒకదాన్నొకటి నొక్కుతూ క్షేమంగా ఉంటాయి. కమాను మీద సమానంగా పరచుకున్న బరువు ఆ రేఖను పెద్దగా కదల్చదు. ఒకేచోట పడే బరువు మాత్రం రేఖను తనవైపు లాగుతుంది. రేఖ రాతి అంచును తాకినచోట కీలు లాగా ఒక సందు తెరుచుకుంటుంది. ఒక కమానులో అలాంటి సందులు నాలుగు ఏర్పడితే అది కూలుతుంది. కేంద్రప్రభుత్వం 2018లో సవరించిన పరిమితి ప్రకారం నాలుగు టైర్లున్న ఒక్క ఇరుసు మీద 11.5 టన్నుల దాకా అనుమతి ఉంది. అంత బరువు ఒక గీత వెంట కదులుతూ వెళ్లడం, బ్రేకు వేసినప్పుడు రోడ్డును ముందుకు తోయడం, గుంతలో పడి లేచినప్పుడు దెబ్బ వేయడం, ఇదంతా రోజుకు వేలసార్లు జరగడం, కమాన్ల మీది నింపుడు మట్టి పక్కగోడలను అదేపనిగా బయటికి నెట్టడం, ఇవన్నీ కలిసి రాతి వంతెనను అలసిపోయేలా చేస్తాయి.

పాదచారుల బరువు స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. మన దేశంలో వంతెనల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన నిబంధనల్లో, జనం గుమికూడే అవకాశమున్న నడకదారికి చదరపు మీటరుకు 500 కిలోల బరువు లెక్కగట్టాలని ఉంది. పురానాపూల్ పైభాగం సుమారు 1,950 చదరపు మీటర్లు అనుకుంటే, ఒక అంగుళం ఖాళీ లేకుండా జనం నిలబడితే 975 టన్నుల బరువు పడుతుంది. ఆ అంకె పెద్దదిగానే కనిపిస్తుంది. కానీ రాయి, నింపుడు కలిపి ఘనపు మీటరుకు రెండు టన్నుల పైనే తూగుతాయి. కమాను నెత్తిన ఒక మీటరు మందమే అనుకున్నా చదరపు మీటరుకు రెండు టన్నుల సొంత బరువును అది నిత్యం మోస్తూనే ఉంది, స్తంభాల దగ్గరికి వచ్చేసరికి ఆ మందం ఎన్నో రెట్లవుతుంది. దాని మీద జనం తెచ్చే అర టన్ను సమానంగా పరచుకుంటుంది గనుక రేఖ చెదరదు. మనుషులు, ఎడ్లబండ్లు, ఏనుగులు, గుర్రాలు నడవడానికి కట్టిన వంతెన మీద మళ్లీ మనుషులే నడవడం ఆ కట్టడానికి అన్నివిధాలా తగిన వినియోగం. వాహనాలను మళ్లించిన నిర్ణయం మంచిదని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

సమస్య ఆ నిర్ణయం తర్వాత మొదలవుతుంది. ఒక రోడ్డు మీద వాహనాలు తిరిగినంతకాలం దానికి ఏటా ఎంతో కొంత నిధి వస్తుంది. గుంత పడితే ఫిర్యాదు చేసేవారుంటారు, పిట్టగోడ కూలితే పత్రికలో ఫొటో వస్తుంది. కొత్త వంతెన తెరిచిన రోజుతో ఆ నిధి, ఆ ఫిర్యాదు, ఆ ఫొటో అన్నీ పక్కకు జరిగిపోతాయి. పాత వంతెన రోడ్ల శాఖకు రోడ్డు కాదు, గుడికో కోటకో వచ్చే సందర్శకులు దానికి రారు గనుక పర్యాటకానికి ఆకర్షణ కాదు. ఈ ఖాళీలోనే రావిచెట్టు మొలుస్తుంది.

రావి, మర్రి విత్తనాలు పక్షుల రెట్టలతో వచ్చి రాళ్ల సందుల్లో పడతాయి. సందులో సున్నం గట్టిగా ఉన్నంతకాలం అవి మొలవవు, మొలిచినా వేరు దిగదు. సున్నం కొట్టుకుపోయి తేమ నిలిచినచోట వేరు వెంట్రుకలా దిగి, కొన్నేళ్లకు చేతి లావై, రాయిని రాయికి దూరం చేస్తుంది. కమానుకు ప్రాణమే రాళ్ల మధ్య నొక్కుడైనప్పుడు, ఆ నొక్కుడు పోయిన రాయి జారడానికి సిద్ధంగా ఉన్నట్లే. అలాంటి చెట్టును బలంగా పీకినా నష్టమే, ఎందుకంటే వేరుతోపాటు చుట్టూ ఉన్న రాళ్లూ సున్నమూ ఊడివస్తాయి. కాండాన్ని కోసి, మిగిలిన మొదలుకు మందు పట్టించి, వేరు ఎండేదాకా ఆగి, ఆ తర్వాత ఖాళీని సున్నంతో నింపాలి. ఇది పెద్ద ఖర్చున్న పని కాదు, ఓపికతో ఏటా చేయవలసిన పని, బహుశా అందుకే ఎవరూ చేయరు.

కాజీపేట వైపు రాతిపని చేసే ఒక వడ్డెర పెద్దాయనతో ఈ విషయం మాట్లాడాను. పాత గుడి గోడలు, బావుల ఒరలు బాగుచేయడంలో ఆయనకు చేయి తిరిగింది. "సందులల్ల సున్నం పోయినంక నీళ్లు లోపటికి దిగుతయ్ సారూ. లోపటి మట్టి నానినంక పక్కగోడ ఉబ్బుతది. ఉబ్బిన గోడకు మీది నుంచి సిమెంటు పూస్తే ఇంక నీళ్లు బయటకు వచ్చే తొవ్వ కూడ ఉండది" అన్నారాయన. ఇంజినీరింగ్ కళాశాలలో నేను చదివిన పాఠం కంటే ఇది స్పష్టంగా ఉంది. డంగుసున్నం రాయి కంటే మెత్తన. కట్టడం కొద్దిగా కదిలినప్పుడు అది సర్దుకుంటుంది, లోపలి తేమను బయటికి వదులుతుంది, దెబ్బ తగిలితే రాయికి బదులు తానే అరుగుతుంది. సిమెంటు వీటిలో ఏదీ చేయదు. అది గట్టిది, నీటిని లోపలే బంధిస్తుంది, కదలిక వచ్చినప్పుడు అది నిలిచి పక్కనున్న రాతి అంచు పెచ్చులూడుతుంది. పాత వంతెనల మరమ్మతు పేరుతో సందులన్నీ సిమెంటుతో పూడ్చి, చివరికి తెల్లరంగు గీతలు గీసిన పనులను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. చేసినవారు మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు, కానీ ఆ కట్టడపు ఆయుష్షును వారే తగ్గించారు.

వాహనాలను ఆపిన తర్వాతే అసలు మరమ్మతు మొదలుపెట్టిన ఊళ్లు కూడా ప్రపంచంలో ఉన్నాయి. జర్మనీలో డాన్యూబ్ నది మీద రేగెన్స్‌బర్గ్ రాతి వంతెనను 1135లో మొదలుపెట్టి 1146లో ముగించారు. దాని మీద కార్లను 1997లో, బస్సులను 2008లో నిలిపివేశారు. అంతటితో పని అయిపోయిందని వారు అనుకోలేదు. 2010 నుంచి 2018 వరకు, ఎనిమిదేళ్లపాటు, దాన్ని భాగాలవారీగా విప్పి చూసి బాగుచేశారు. చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లోని చార్లెస్ వంతెనకు 1357లో పునాది పడింది. 1890 వరదలో దాని కమాన్లు కొన్ని కూలితే మళ్లీ కట్టారు. 1965 నుంచి అది పాదచారులకే పరిమితమైంది. 2007 తర్వాత చేపట్టిన పునరుద్ధరణలో పైదారి రాళ్లు తీసి, కింద నీరు దిగకుండా పొర వేశారు. ఈ రెండుచోట్లా శ్రద్ధ అంతా ఒకే శత్రువు మీద, అంటే పైనుంచి లోపలికి దిగే నీటి మీద, ఉందని గమనించాలి. అక్కడ చలికాలంలో నీరు గడ్డకట్టి రాయిని పగలగొడుతుంది. మనకు ఆ బాధ లేదు, దాని బదులు నాలుగు నెలల వాన, ఏడాదంతా పెరిగే మొక్కలు ఉన్నాయి.

నీటితో రెండో ప్రమాదం కిందినుంచి వస్తుంది, దాన్ని చెప్పడానికి మళ్లీ మన కాకతీయుల దగ్గరికి రావాలి. రామప్ప, వేయిస్తంభాల గుడుల పునాదుల్లో ఇసుక నింపిన పద్ధతి గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. ఆ ఇసుక బరువును మోయడానికి కారణం, అది నాలుగువైపులా బంధించబడి ఎటూ కదలలేకపోవడమే. వంతెన స్తంభం చుట్టూ ఉన్న నదిలోని ఇసుకకు అలాంటి బంధం లేదు. ప్రవాహం స్తంభాన్ని తాకినచోట సుడి తిరిగి, అడుగున ఇసుకను తవ్వి, దిగువకు మోసుకెళుతుంది. వరద తీశాక గుంత మళ్లీ ఒండ్రుతో పూడిపోతుంది గనుక పైకి చూసేవారికి ఏమీ జరగనట్లే ఉంటుంది. రాతి వంతెనలు ఎక్కువగా కూలేది ఈ కోత వల్లనే. ఒక స్తంభం కొద్దిగా కుంగినా దాని మీద ఆనిన రెండు కమాన్ల ఆకారమూ చెదురుతుంది, ఒక కమాను కూలితే దాని తోపుతో నిలిచిన పక్క కమాను కూడా అదుపు తప్పుతుంది. మూసీ ఇప్పుడు మురుగు మోసే నది. ఆ మురుగు అడ్డం ఉండగా స్తంభాల అడుగు పరీక్షించడానికి మనిషిని దించడం కష్టమే, అయినా నీరు తక్కువగా ఉండే ఎండాకాలంలో అది చేయదగిన పనే.

సమయానికి చేసే చిన్న పని, కాలం దాటాక చేసే పెద్ద పని మధ్య తేడా మా హనుమకొండ వాసులకు బాగా తెలుసు. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పదీశారు, తిరిగి భక్తులకు తెరిచింది 2024 మార్చిలో. రాళ్లకు అంకెలు వేసి, పునాదిని బలపరిచి, విరిగిన భాగాలకు కొత్తవి చెక్కించి మళ్లీ నిలబెట్టిన ఆ శిల్పుల పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒక తరం పిల్లలు ఆ మండపాన్ని చూడకుండానే పెద్దవారయ్యారు. గుడికి దేవుడు, భక్తులు, పురావస్తు శాఖ ఉన్నారు గనుక ఆ పని పూర్తయింది. కూరగాయల గంపల కింద ఉన్న వంతెనను విప్పి మళ్లీ కట్టే రోజు వస్తే, అంత ఓపిక పట్టేవారు ఎవరుంటారు?

కూరగాయలమ్మేవారి ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పురానాపూల్ మీది అంగళ్లను ఖాళీ చేయించి, వంతెనను కడిగి, దీపాలు పెట్టి, టికెట్టు పెట్టాలనే ఆలోచన నాకు నచ్చదు. వాళ్ల బరువు వంతెనకు లెక్కలోకే రాదని పైన చూశాం. రోజూ తెల్లవారకముందే అక్కడికి చేరి, ఆకుకూరల కట్టలు పేర్చుకుని కూర్చునే ఆ ఆడవాళ్లే వంతెన పాడుపడకుండా, చీకటి మూలగా మారకుండా కాపాడుతున్నారు. ఇబ్బంది వాళ్లు వాడే నీరు, మిగిలే చెత్త పోయే దారి లేకపోవడంలో ఉంది. కుళ్లిన ఆకులు నీటి తూములను మూసేస్తాయి, నిలిచిన నీరు రాళ్ల సందుల్లోకి దిగుతుంది. తూములు తెరిచి, వాటికి జాలీలు బిగించి, పొడవునా ఒక పక్కన కాలువ తీసి, రోజూ చెత్త ఎత్తించే ఏర్పాటు చేస్తే అంగడీ వంతెనా రెండూ బాగుంటాయి. పాత నగర ప్రాకారపు దర్వాజాల్లో నేటికి మిగిలినవి రెండే, ఈ వంతెన మొదట్లోనే ఉన్న పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. ద్వారమూ వంతెనా ఒకేచోట ఉన్న ఈ ఒక్క స్థలాన్ని కలిపి ఒకే కట్టడంగా చూసి, రెండింటికీ ఒకే మరమ్మతు ప్రణాళిక వేయడం మేలు.

హైదరాబాద్ వంతెన గురించి వరంగల్ నుంచి ఇంత ఎందుకు రాస్తున్నావని మిత్రులు అడిగారు. ఉత్తర తెలంగాణలో కూడా నిజాం కాలపు వంతెనలు ఒక్కొక్కటిగా ఇదే స్థితికి వస్తున్నాయి గనుక రాస్తున్నాను. నిర్మల్ దారిలో సోన్ దగ్గర గోదావరి మీద ఉన్న పాత వంతెనను చూడండి. జాతీయ రహదారి వాహనాలు కొత్త వంతెన మీదుగా దూసుకుపోతుంటాయి, పాతదాని వైపు తల తిప్పే తీరిక ఎవరికీ ఉండదు. మన వాగుల మీద, ఊరి పొలిమేరల్లో, రోడ్డు నిటారుగా చేసినప్పుడు పక్కన వదిలేసిన చిన్న కమాన్ల వంతెనలు ఎన్నో ఉన్నాయి. వాటి మీదుగా రైతులు పశువులను తోలుకుపోతారు, పిల్లలు బడికి నడుస్తారు. వాటికి పేర్లు లేవు, కట్టించిన ఏడాది చెక్కిన రాయి చాలాచోట్ల పిచ్చిచెట్ల వెనక ఉంటుంది.

ఈ వంతెనలకు కావలసినవి ఏటా రెండు తనిఖీలు. వానలకు ముందు, మే నెలాఖరులోగా, తూములు తెరిచి, పిట్టగోడ అడుగున చేరిన మట్టి ఎత్తి, సందుల్లో మొలిచిన మొక్కలను కోసి మొదళ్లకు మందు పట్టించాలి. వానలు వెనక్కి తగ్గాక, నవంబర్‌లో, ప్రతి కమాను కింద నిలబడి తెల్లటి సున్నపు చారలు ఎక్కడ దిగాయో చూడాలి, ఎందుకంటే ఆ చార ఉన్నచోట పైనుంచి నీరు లోపలికి వస్తోంది. పక్కగోడ ఉబ్బిందేమో దారం పట్టి చూడాలి, స్తంభాల మొదట్లో ఎగువవైపు గుంత పడిందేమో గడ్డపారతో పొడిచి చూడాలి. ఊడిన సందులను సున్నంతోనే నింపాలి. ఈ పనికి పెద్ద టెండర్లు అవసరం లేదు, ఒక జూనియర్ ఇంజినీరు, సున్నం పని తెలిసిన ఇద్దరు మేస్త్రీలు, నిచ్చెన, ఒక నోటుపుస్తకం చాలు. ఆ నోటుపుస్తకంలో నిరుటి ఫొటో పక్కన ఈ ఏటి ఫొటో అతికించి ఉంచితే, వచ్చే ఏడు వచ్చే ఇంజినీరుకు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. మీ ఊరి దగ్గర అలాంటి వంతెన ఉంటే, అది ఏ వాగు మీద, ఏ రెండు ఊళ్ల మధ్య ఉంది, ఎన్ని కమాన్లున్నాయి, ఇప్పుడు దాని మీద ఎవరు నడుస్తున్నారు అన్నవి రాసి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి మీ జిల్లా పురావస్తు, రోడ్ల శాఖల అధికారులిద్దరికీ దరఖాస్తుగా ఇవ్వండి. ఒక ప్రతి మీ పంచాయతీ కార్యాలయంలో కూడా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.